పాప తల ఎప్పుడూ ఎడమ భుజం మీదికి వాల్చే చూస్తుంది. లోపం మెడలోనా, కంటిలోనా?

రాయగడ_నాన్న · రాయగడ · ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా పాపకి ఆరేళ్లు, ఒకటో తరగతి. టీవీ అయినా, పుస్తకం అయినా, ఎదుటి మనిషి మొహం అయినా తల ఎడమ భుజం మీదికి వాల్చే చూస్తుంది. చంటిపిల్లప్పుడు మాకు తెలియలేదు. కూర్చోవడం వచ్చాక కనిపించింది. మా అమ్మ ఆవాల దిండు కుట్టింది, నువ్వుల నూనెతో మర్దనా చేసింది. దిష్టి కూడా తీయించాం, దాచుకోవడం ఎందుకు. తర్వాత ఒక ఫిజియోథెరపీ సెంటరుకి ఎనిమిది నెలలు తిప్పాం. వాళ్లు తిప్పితే మెడ చక్కగా తిరుగుతుంది. నొప్పి లేదు, బిగుతు లేదు. వదిలేస్తే మళ్లీ ఎడమకే. ఎక్స్‌రే కూడా బాగానే ఉంది.

బడిలో పిల్లలు ఒడియాలో ‘బంకా’ అని పిలుస్తున్నారు, అంటే వంకర అని. టీచరమ్మ రెండు చేతులతో తల పట్టుకుని నిటారుగా పెడుతుందట. మొన్న పాప అంది, ‘అలా పెడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిపోతాయి నాన్నా’ అని. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎవరింట్లోనైనా ఇలాంటిది ఉందా?

జయపురం_వదిన · జయపురం · ఆదివారం రాత్రి 10.05

తమ్ముడూ, ముందు కంటి డాక్టరుకి చూపించు. మా చిన్నదానిది తల వాల్చడం కాదు, మొహం ఎడమకి తిప్పి చూసేది. పెళ్లిళ్లలో అందరూ ‘ఏంటమ్మా, అలిగావా’ అనేవారు. చివరికి తెలిసిందేమంటే, ఎడమ కన్ను చెవి వైపు వెళ్లదు. ముక్కు వైపు చూస్తే ఆ కన్ను కొంచెం లోపలికి లాక్కుని, రెప్పల మధ్య సందు చిన్నదైపోతుంది. డ్యువేన్ సిండ్రోమ్ అన్నారు. పుట్టుకతో వస్తుందట, ఎక్కువగా ఎడమ కంటికే, ఆడపిల్లల్లోనే కాస్త ఎక్కువట. చూపు రెండు కళ్లకీ బాగుంది, మొహం తిప్పడం కూడా కొద్దిగానే కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఏడాదికోసారి చూపిస్తున్నాం.

గుణుపురం_పెద్దమ్మ · గుణుపురం · సోమవారం ఉదయం 6.15

నాయనా, పిల్లలు అన్నాక ఏదో ఒక అలవాటు ఉంటుంది. మా తమ్ముడు కూడా మెడ పక్కకి పెట్టే నడిచేవాడు, పదహారేళ్లకి సర్దుకుంది. ఆడపిల్ల, కళ్లకి కత్తి పెట్టించకు. రేపు పెళ్లి చూపుల్లో చెప్పుకోవాల్సి వస్తుంది. మెల్లకన్ను అదృష్టం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

కొరాపుట్_కుర్రాడు · కొరాపుట్ · సోమవారం ఉదయం 7.50

పెద్దమ్మా, కత్తి మాట ఎవరూ ఎత్తలేదు ఇంకా 😀

బరంపురం_ఆప్టో · బరంపురం · సోమవారం మధ్యాహ్నం 1.30

నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసిచ్చేవాణ్ని, డాక్టరుని కాను. చూడకుండా ఇక్కడ రోగం పేరు చెప్పడం తప్పు. కానీ రాయగడ అన్న రాసిన రెండు ముక్కల్లోనే చాలా సమాచారం ఉంది.

మొదటిది, మెడ తిప్పితే తిరుగుతోంది. మెడ కండరం బిగుసుకుపోయి తల వాలిపోవడం వేరే. అది సాధారణంగా పుట్టిన కొన్ని వారాల్లోనో నెలల్లోనో కనిపిస్తుంది, ఒక్కోసారి మెడ పక్కన గట్టిగా గడ్డలా తగులుతుంది, తిప్పబోతే అడ్డుకుంటుంది. దానికి ఫిజియోథెరపీ నిజంగానే పనిచేస్తుంది, కాబట్టి ఆ వైద్యాన్ని తిట్టకండి. కంటి వల్ల వచ్చేదైతే బిడ్డ కూర్చుని లోకాన్ని చూడటం మొదలెట్టాకే మనకి తెలుస్తుంది. రెండోది, నిటారుగా పెడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి అంది. ఆరేళ్ల పిల్ల అంతకంటే బాగా ఎలా చెబుతుంది? ఒకటి రెండుగా, అదీ పైనా కిందా కనిపిస్తోందేమో అని నా అనుమానం.

ఎందుకో చెబుతాను. కంటి గుంటలో ముక్కు వైపు పైమూలన చిన్న గిలక లాంటిది ఉంటుంది. ఒక కండరం కంటి వెనక నుంచి వచ్చి, ఆ గిలకలోంచి దూరి, మళ్లీ వెనక్కి తిరిగి కనుగుడ్డుకి అతుక్కుంటుంది. నూతి గిలక మీద చేద తాడు ఉన్నట్టు. ఆ తాడు బిగిస్తే కన్ను కిందకి దిగుతుంది, పైభాగం ముక్కు వైపు కొంచెం మెలి తిరుగుతుంది. దాన్ని నడిపేది మెదడు నుంచి వచ్చే 12 జతల నరాల్లో 4వది, అన్నిటికన్నా సన్నది. పుట్టుకతో ఆ నరం బలహీనంగా ఉన్నా, ఆ తాడే వదులుగా ఉన్నా, ఆ కన్ను పైకి జారిపోతుంది. రెండు బొమ్మలు కలవవు. తల రెండో వైపుకి వాలిస్తే ఆ తాడు మీద పని తగ్గుతుంది, బొమ్మలు కలుస్తాయి. కుడి కంటిది బలహీనమైతే పిల్ల తల ఎడమకి వాలుస్తుంది. అంటే పాప మెడ చేస్తున్నది కంటి పనే. దాన్ని బలవంతంగా నిటారుగా పెట్టడమంటే కుంటివాడి చేతికర్ర లాక్కోవడమే. టీచరమ్మతో ఈ ఒక్క మాట రేపే చెప్పండి.

ఇంట్లో ఒకటి గమనించండి. పాప బొమ్మలు చూస్తున్నప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలు ఒక కన్ను మూయండి. తర్వాత రెండోది. ఒక కన్ను మూసినప్పుడు తల దానంతట అదే నిటారుగా వస్తే లోపం కంటిదే అనడానికి మంచి ఆధారం. రాకపోయినా కంటిది కాదని కాదు. నిద్రలో మెడ ఎలా ఉంటుందో కూడా చూడండి. పాత ఫోటోలు వెతకండి, డాక్టర్లు అవి అడుగుతారు. ఎప్పటి నుంచి ఉందో ఆల్బమ్ చెప్పినంత నిజంగా ఎవరూ చెప్పలేరు.

ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి మొన్ననో నిన్ననో మొదలైన తల వాలు, దానితో తలనొప్పి, పొద్దున్నే వాంతులు, తూలి నడవడం, కొత్తగా ఒకటి రెండుగా కనిపించడం ఉంటే ఫోరమ్‌లో రాస్తూ కూర్చోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. తల లోపల ఏమైనా ఉందేమో చూడాలి. ఏడాదిలోపు బిడ్డకి తల ఊగడం, కళ్లు అదరడం, తల వాలడం మూడూ కలిసి ఉన్నా అంతే.

గుణుపురం_స్టూడియో · గుణుపురం · సోమవారం రాత్రి 8.20

ఆప్టో గారూ, మీరు ఫోటోల మాట ఎత్తారు, నాకు గుండె గతుక్కుమంది. నేను ముప్పై ఏళ్లుగా ఇక్కడ స్టూడియో నడుపుతున్నాను. పాస్‌పోర్టు సైజు, అన్నప్రాసన, ఓణీల ఫంక్షను, అన్నీ. రోజుకి నాలుగుసార్లు అనే మాట ‘తల నిటారుగా పెట్టమ్మా’. కొంతమంది పిల్లలకి ఎన్నిసార్లు సర్ది వచ్చినా, కెమెరా దగ్గరికి వెళ్లేలోపు తల మళ్లీ వాలిపోతుంది. మొండి పిల్లలు అనుకునేవాణ్ని. ఒకడికైతే వెనక నుంచి వాళ్ల నాన్నని పట్టుకోమని, తర్వాత చెయ్యి కంప్యూటర్లో చెరిపేశాను.

రాయగడ అన్నా, మీరు ఫోటోలు చూసేటప్పుడు ఇంట్లో ఫోనుతో తీసినవి వేరే, స్టూడియోవి వేరే పెట్టి చూడండి. స్టూడియోవి నమ్మకండి. మా వాళ్లం సర్దేసి ఉంటాం.

పర్లాకిమిడి_మాస్టారు · పర్లాకిమిడి · సోమవారం రాత్రి 9.10

ఇప్పుడు నా కథ రాయక తప్పదు. నాకు నిస్టాగ్మస్ ఉంది. పుట్టుకతోనే కళ్లు అటూ ఇటూ సన్నగా ఆడుతూ ఉంటాయి. కానీ ఎడమ వైపు చూసినప్పుడు ఆ ఆట బాగా తగ్గుతుంది, అక్షరం నిలబడుతుంది. డాక్టర్లు దాన్ని నల్ పాయింట్ అంటారు. అందుకని బోర్డు చూడాలంటే మొహం కుడికి తిప్పి, కళ్లు ఎడమకి పెట్టి చూసేవాణ్ని. మా లెక్కల సారు ‘కిటికీలోంచి ఏం చూస్తున్నావురా’ అని డస్టరు విసిరేవారు. నేను చూస్తున్నది బోర్డునే అని చెప్పినా నమ్మలేదు. మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి.

ఏడో తరగతిలో ఒక ఒడియా మాస్టారు, ఆయన ఏ వైద్యమూ చదవలేదు, నన్ను క్లాసులో కుడివైపు చివరి వరుసలో ముందు బెంచీకి మార్చారు. బోర్డు నాకు ఎడమ పక్కన పడింది. మొహం తిప్పక్కర్లేకుండా కళ్లు వాటంతట అవే నెమ్మదించే వైపు చూశాయి. వైద్యం కంటే ముందు నాకు అందిన వైద్యం అది. ఇప్పుడు నేనూ మాస్టారునే. మొహం తిప్పి చూసే పిల్లవాడు కనిపిస్తే ముందు బెంచీ మారుస్తాను, తర్వాత తల్లిదండ్రుల్ని పిలుస్తాను.

పెద్దయ్యాక ఆపరేషన్ చేయించుకున్నాను. 1953లో కెస్టెన్‌బామ్, ఆండర్సన్ అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా రాసిన పద్ధతి. రెండు కళ్ల కండరాలనూ జరిపి, ఆ నెమ్మదైన చోటుని మధ్యకి తెస్తారు. మొహం తిప్పడం చాలా తగ్గింది. కళ్లు ఆడటం మాత్రం పోలేదు, పోతుందని వాళ్లూ చెప్పలేదు. ఒక సంగతి, నాలాంటి వాళ్లకి ఒక కన్ను మూసినా మొహం తిప్పడం పోదు. అందుకని ఆప్టో గారు చెప్పిన మూసి చూసే పరీక్ష అందరికీ ఒకేలా పనిచేయదు.

బరంపురం_ఆప్టో · బరంపురం · సోమవారం రాత్రి 9.25

మాస్టారు చెప్పింది నిజం. నేను రాయాల్సింది, మర్చిపోయాను.

జయపురం_వదిన · జయపురం · సోమవారం రాత్రి 9.40

మాస్టారూ, ఆ డస్టరు సంగతి చదివి మా ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేదు.

మల్కనగిరి_లారీ · మల్కనగిరి · సోమవారం రాత్రి 11.30

పెద్దవాళ్లకీ వస్తుంది అన్నా. మా నాన్నకి షుగరు. ఒక రోజు పొద్దున లేచేసరికి ఒక లారీ రెండు లారీలు అన్నాడు, పక్కపక్కన. మొహం కుడికి తిప్పితే ఒకటే. కుడి కన్నుని చెవి వైపు తిప్పే 6వ నరం మందగించింది అన్నారు. షుగరు అదుపులో పెట్టి, ఒక కంటికి కట్టు కట్టి, ఆగమన్నారు. మూడు నెలల్లో సర్దుకుంది. ఆ మూడు నెలలూ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు, అదే పెద్ద యుద్ధం.

గుణుపురం_పెద్దమ్మ · గుణుపురం · మంగళవారం ఉదయం 6.00

స్టూడియో నాయనా, నువ్వు అన్నాక మా తమ్ముడి పాత ఫోటోలు తీశాను. పదహారేళ్లకి సర్దుకుందన్నాను కదా. లేదు. పెళ్లి ఫోటోలో కూడా బాసికం పక్కకే ఉంది. మేం చూడటం మానేశాం, అంతే.

రాయగడ_నాన్న · రాయగడ · మంగళవారం రాత్రి 10.15

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. టీచరమ్మతో మాట్లాడాను. ముందు కొంచెం విసుక్కుంది, తర్వాత ‘నాకు తెలియదు సార్’ అంది. ఇక తల ముట్టుకోనంది.

నిద్రలో చూశాను, మెడ నిటారుగానే ఉంది. నిన్న సాయంత్రం కార్టూన్ చూస్తుంటే కుడి కన్ను మూసి ఉంచాం. పది నిమిషాలకి తల లేచింది. పూర్తిగా కాదు, కానీ సగం పైన. మా ఆవిడ వంటింట్లోంచి చూసి చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆరేళ్లలో పాప తల అలా చూడటం మొదటిసారి.

ఇక ఫోటోలు. అన్నప్రాసన నాడు మా అమ్మ ఒళ్లో ఉన్న ఫోటోలో కొద్దిగా ఎడమకి. మొదటి పుట్టినరోజు కేకు దగ్గర బాగా ఎడమకి. మజ్జిగౌరి గుడి దగ్గర తీసినవి, నాగావళి వంతెన మీద తీసినవి, అన్నీ అంతే. ఒక్క స్టూడియో ఫోటోలోనే తల నిటారుగా ఉంది, అంగన్‌వాడీ కోసం తీయించింది. ఆ ఫోటోనే హాల్లో ఫ్రేము కట్టించాం, బాగా వచ్చిందని. స్టూడియో అన్న చెప్పాక దగ్గరికి వెళ్లి చూశాను. అందులో కుడి కన్ను ఎడమ కన్ను కంటే పైకి ఉంది. మూడేళ్లుగా రోజూ చూస్తున్నాను ఆ ఫోటోని.

గుణుపురం_స్టూడియో · గుణుపురం · మంగళవారం రాత్రి 10.40

ఆ ఫోటో తీసింది నేను కాదు. కానీ నాలాంటి వాడే.

కొరాపుట్_కుర్రాడు · కొరాపుట్ · బుధవారం ఉదయం 8.00

అన్నా, ఎక్కడ చూపిస్తారు? ఏ చిన్న క్లినిక్‌కో వెళ్తే మళ్లీ మెడే చూస్తారు. పిల్లల కళ్లు, మెల్లకన్ను చూసే డాక్టరు కావాలి. ఇటు నుంచి అయితే విశాఖపట్నం గానీ, భువనేశ్వర్ గానీ. రెండు చోట్లా ఎల్వీ ప్రసాద్ వాళ్ల ఆసుపత్రి ఉంది. బరంపురం దగ్గరైన వాళ్లకి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది.

పర్లాకిమిడి_మాస్టారు · పర్లాకిమిడి · బుధవారం ఉదయం 8.30

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు బడికి వచ్చే ఆరోగ్య టీముని అడగండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ, ప్రభుత్వ బడులకీ వాళ్లు వస్తారు. 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూసి పై ఆసుపత్రికి రాసిస్తారు. మా బడికి వచ్చినప్పుడు నేనే ముగ్గురు పిల్లల్ని ముందు నిలబెట్టాను. అడగకపోతే బరువూ ఎత్తూ చూసి వెళ్లిపోతారు.

ఇంకోటి. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చార్టు మీద ఉన్న అక్షరం కనిపించక చెప్పలేదో, రాక చెప్పలేదో పరీక్ష చేసేవాళ్లకి తెలియదు. మా మేనకోడలికి అలాగే ‘చూపు తక్కువ’ అని రాసిచ్చారు. చేత్తో దిక్కు చూపించే ఇంగ్లీషు ‘E’ అక్షరం చార్టు గానీ, బొమ్మల చార్టు గానీ పెట్టమని అడగండి.

గుణుపురం_పెద్దమ్మ · గుణుపురం · బుధవారం మధ్యాహ్నం 2.10

మా వీధిలో ఒక పిల్లాడు గడ్డం పైకెత్తి నడుస్తాడు, ఆకాశంలో విమానం చూస్తున్నట్టు. రెండు రెప్పలూ సగానికి వాలి ఉంటాయి. అదీ ఇదేనా?

బరంపురం_ఆప్టో · బరంపురం · బుధవారం మధ్యాహ్నం 3.00

ఇదే కుటుంబం పెద్దమ్మా. రెప్ప కనుపాపకి అడ్డొస్తుంటే కింది సందులోంచి చూడటానికి గడ్డం ఎత్తుతాడు. ఎత్తుతున్నాడంటే కళ్లు వాడుతున్నాడు, అది మంచిదే. ఒక్క కంటికే రెప్ప బాగా వాలి, పిల్లాడు గడ్డం ఎత్తకుండా హాయిగా తిరుగుతుంటేనే నాకు భయం. ఆ కన్నుని మెదడు వదిలేసి ఉండొచ్చు. మీ వీధి పిల్లాణ్ని చూపించమని చెప్పండి. రెప్పని నుదుటి కండరానికి తగిలించే ఆపరేషన్ ఉంది. నుదురు ఎత్తితే రెప్ప లేస్తుంది.

రాయగడ అన్నకి కూడా ఇదే వర్తిస్తుంది. ఏ వైద్యమూ లేకుండా పాప ఒకరోజు తల నిటారుగా పెట్టేస్తే సంబరపడి వదిలేయకండి. రెండు కళ్లూ కలిపి వాడటం మానేసిందేమో చూపించుకోవాలి.

రాయగడ_నాన్న · రాయగడ · మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9.00

విశాఖ వెళ్లి వచ్చాం. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో, పాప కిటికీ పక్కన. పెద్ద పరీక్ష. పట్టకాల్లాంటి గాజుముక్కలు కంటి ముందు మార్చి మార్చి కొలిచారు. చార్టు బొమ్మలదే పెట్టారు మాస్టారూ. చూపు బాగానే ఉంది. తర్వాత డాక్టరమ్మ పాప తలని కుడి భుజం మీదికి వాల్చింది. కుడి కన్ను మా కళ్లముందే పైకి లేచింది. బీల్షోవ్‌స్కీ పరీక్ష అని పేరు చెప్పారు. ఎడమకి వాలిస్తే కళ్లు రెండూ సమంగా. ఆప్టో గారు అనుమానించిందే, కుడి కంటి 4వ నరం కండరం, పుట్టుకతో. మొహం కూడా ఎడమ వైపు కొంచెం చిన్నగా ఉందని చూపించారు. మేమెప్పుడూ గమనించలేదు.

నాకు మరిచిపోలేనిది ఇంకోటి. ఒక నల్ల కళ్లజోడు పెట్టి, పెద్ద ఈగ బొమ్మ చూపించారు. రెండు కళ్లూ కలిసి పనిచేస్తే ఆ ఈగ కాగితం మీద నుంచి పైకి లేచినట్టు కనిపిస్తుందట. పాప తల ఎడమకి వాల్చుకుని చూసి, కెవ్వుమని, కాగితానికి బెత్తెడు పైన గాలిలో ఈగ రెక్కలు పట్టుకోబోయింది. తల నిటారుగా పెట్టి అడిగితే వేలు కాగితం మీదే ఆనింది. ‘ఇప్పుడు బొమ్మే’ అంది. ఎనిమిది నెలలు మేము డబ్బిచ్చి ఆ ఈగని చంపించబోయాం అనిపించింది.

ఆపరేషన్ చెప్పారు. కుడి కంటి కింద, కన్నుని పైకి లాగే కండరం ఎక్కువ పనిచేస్తోందట, దాన్ని వదులు చేస్తారు. మత్తు ఇచ్చి చేస్తారు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. మా అమ్మ భయం, కన్ను బయటకి తీసి పెడతారని. డాక్టరమ్మ నవ్వలేదు, ఓపిగ్గా చెప్పింది. కన్ను తీయరమ్మా, పైపొర కొంచెం తెరిచి కండరం ఒక్కటే జరుపుతాం అని. కొన్ని వారాలు ఎరుపు ఉంటుంది, చుక్కలు వేయాలి. తల ఒక్కరోజులో నిటారు కాకపోవచ్చు, ఒక్కోసారి రెండో ఆపరేషన్ కూడా పడొచ్చు అన్నారు. ఆ తర్వాత మెడకి వ్యాయామాలు అవసరమైతే అప్పుడు ఫిజియో.

గుణుపురం_పెద్దమ్మ · గుణుపురం · శనివారం రాత్రి 9.30

పదహారేళ్లు ఆగమన్నాను కదూ. ఆగకు నాయనా. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఫోను చెయ్యమను.

జయపురం_వదిన · జయపురం · శనివారం రాత్రి 9.45

ఖాళీ కడుపుతో ఎన్ని గంటలు ఉంచాలో కాగితం మీద రాయించుకో తమ్ముడూ. రైల్లో ఎవరో ఒకరు బిస్కెట్టు పెట్టేస్తారు.

రాయగడ_నాన్న · రాయగడ · సోమవారం రాత్రి 8.50

కార్డు పనికి పాప పాస్‌పోర్టు ఫోటోలు కావాలంటే ఇవాళ ఇక్కడి స్టూడియోకి వెళ్లాం. ఆయన అలవాటుగా వచ్చి గడ్డం పట్టుకుని ‘తల నిటారుగా’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పాప ఆయన చెయ్యి తీసేసి, ‘అంకుల్, అలా పెడితే నా కన్ను పైకి పోతుంది. అలా ఒకటి, ఇలా ఒకటి తియ్యండి, డాక్టరు గారికి రెండూ కావాలి’ అంది.

రెండూ తీశాడు. డబ్బులు ఒక్కదానికే తీసుకున్నాడు.

గుణుపురం_స్టూడియో · గుణుపురం · సోమవారం రాత్రి 9.05

ఆయన ఈ వేదికలో ఉన్నాడేమో కనుక్కో అన్నా 😀 నేనైతే ఇవాళ వచ్చిన ఒక పిల్లాడి తల ముట్టుకోలేదు. వాళ్లమ్మకి మీ ఈ చర్చ లింకు పంపాను.